గాలిని లెక్కగట్టిన రైతుబిడ్డ – విల్లిస్ కారియర్

ఎయిర్ కండిషనర్ అనగానే మనకు చల్లదనమే గుర్తుకొస్తుంది. కాని అది పుట్టింది మనిషి ఉక్కపోత తీర్చడానికి కాదు, కాగితం కోసం!

విల్లిస్ కారియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలో భిన్నాలు అర్థంకాకపోతే తల్లి ఆపిల్ పళ్ళు ముక్కలుగా కోసి నేర్పింది. ఆ తల్లి ఆయనకు పదకొండేళ్ళప్పుడే మరణించింది. స్కాలర్‌షిప్‌తో, చిన్నచిన్న పనులు చేసుకుంటూ కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివి 1901లో ఇంజనీరయ్యాడు.

1902లో బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ వారికి చిక్కు వచ్చిపడింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగేది, ముడుచుకునేది. రంగు మీద రంగు సరిగా పడేది కాదు. కారియర్ గాలిని చల్లని గొట్టాల మీదుగా పంపి తేమ తగ్గించాడు. ఆ తరువాత పిట్స్‌బర్గ్ రైల్వేస్టేషన్‌లో పొగమంచును చూసి మరో ఉపాయం కనిపెట్టాడు: చన్నీటి తుంపరతో గాలిని ఆరబెట్టడం. వినడానికి వింతే! గాలి చల్లబడితే తేమను మోయలేదు; అదనపు తేమ నీరై తుంపరలో కలిసిపోతుంది. దీనికి 1906లో పేటెంట్ వచ్చింది. 1911లో గాలి, వేడి, తేమల లెక్కలను ప్రకటించాడు. పనిచేసే కంపెనీ ఆ విభాగాన్ని వద్దనుకుంటే, 1915లో ఆరుగురు మిత్రులతో సొంత సంస్థ పెట్టాడు. 1950 అక్టోబరు 7న కన్నుమూశాడు.

ఆ లెక్కలతో నేటికీ పని ఉంది. విమానాశ్రయం టెర్మినల్‌నే తీసుకోండి. 2008లో మొదలైన మన శంషాబాద్ విమానాశ్రయం లాంటి చోట రాత్రింబవళ్ళు జనమే. బయటి వేడిగాలిని ఎక్కువగా లోపలికి తెచ్చి చల్లబరిస్తే కరెంటు ఖర్చు పెరుగుతుంది. తగ్గిస్తే మనుషులు వదిలిన గాలే తిరుగుతూ తలనొప్పి, మత్తు వస్తాయి. అందుకే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరాలు పెట్టి, జనం పెరిగితే బయటిగాలి పెంచి, పలచబడితే తగ్గించే పద్ధతి వచ్చింది. ఆ గాలిని ఫిల్టర్లతో వడకట్టాలి కూడా.

మిత్రులారా! ఈ విద్య మనకు దూరమైనది కాదు. పటాన్‌చెరు, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలు తయారయ్యే గదులకు సరైన తేమతో, దుమ్ములేని గాలి అందాలి. ఆ యంత్రాలు నడపడానికి ఐ.టి.ఐ., డిప్లొమా చదివినవారు కావాలి. తక్కువ కరెంటుతో మంచిగాలి ఇవ్వడమనే లెక్క ఇంకా పూర్తికాలేదు. ఆపిల్ ముక్కలతో భిన్నాలు నేర్చినవాడు అంత చేస్తే, మన హాస్టల్ గదుల్లో లెక్కలు చేస్తున్నవారు మిగిలింది ఎందుకు చేయలేరు?