క్రీడాచార్యుడు నైస్మిత్

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. 1952, 1988, 2008, 2022 సంవత్సరాలలో ఆ జట్టు జాతీయ కళాశాలల టోర్నమెంటులో విజేతగా నిలిచింది. ఇంతటి ఘనత గల జట్టుకు ప్రధాన శిక్షకులుగా పనిచేసిన వారిలో విజయాల కన్నా పరాజయాలే ఎక్కువగా చవిచూసినవారు ఒక్కరే. ఆయనే ఆ జట్టు తొలి శిక్షకుడు, బాస్కెట్‌బాల్ క్రీడకు సృష్టికర్త అయిన జేమ్స్ నైస్మిత్.

నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఆల్మంట్ పట్టణ సమీపంలో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులిద్దరూ టైఫాయిడ్‌కు బలి కాగా, మేనమామ సంరక్షణలో పెరిగారు. చదువు మధ్యలో మాని కొంతకాలం అడవిలో కలప కొట్టే పనిచేశారు. తిరిగి బడిలో చేరి, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. మతశాస్త్రాన్ని కూడా అభ్యసించారు. ఆటల ద్వారానూ యువకుల శీలాన్ని తీర్చిదిద్దవచ్చునని విశ్వసించి, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో చేరారు.

1891 శీతకాలంలో మంచు వల్ల విద్యార్థులకు ఆరుబయట ఆటలు లేకుండా పోయాయి. గదిలో చేసే వ్యాయామాలు వారికి విసుగు పుట్టించాయి. రెండు వారాలలో కొత్త ఆటను రూపొందించమని విభాగాధిపతి లూథర్ గులిక్ నైస్మిత్‌ను ఆదేశించారు. బంతి పట్టుకొని పరుగెత్తడం వల్లనే ఆటగాళ్ళు ఒకరినొకరు పడద్రోసుకొంటున్నారని ఆయన గ్రహించి, ఆ పరుగును నిషేధించారు. గమ్యం తలపైన ఉంటే బంతిని బలంగా విసరడం కన్నా ఒడుపుగా వేయడమే ప్రయోజనకరమని భావించి, పండ్ల బుట్టలు రెండింటిని 10 అడుగుల ఎత్తున బిగించారు. 13 నియమాలు రాశారు. జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడిన తొలి ఆటలో నమోదైనది ఒకే ఒక్క గోలు!

తరువాత ఆయన డెన్వర్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యాచార్యులుగా చేరారు. 1899 ఫిబ్రవరిలో ఆ జట్టు తన తొలి పోటీలోనే 16-5 తేడాతో ఓడిపోయింది. 1907 వరకు సాగిన ఆయన హయాంలో విజయాలు 55, అపజయాలు 60. ఆయన దృష్టిలో అది హాయిగా ఆడుకోవలసిన ఆటే కాని, గెలుపు కోసం శిక్షణ ఇవ్వవలసిన విద్య కాదు. ఈ విషయంలో ఆయనతో ఏకీభవించని శిష్యుడు ఫాగ్ అలెన్, గురువు స్థానంలో శిక్షకుడై, దాదాపు నాలుగు దశాబ్దాలు జట్టును నడిపి కీర్తి గడించాడు. ప్రఖ్యాత శిక్షకులైన అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్‌లు ఆ అలెన్ శిష్యులే.

1933లో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి యువకుడు ఆ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. వర్ణవివక్ష కారణంగా అతనికి జట్టులో ప్రవేశం లేదు. వయోవృద్ధుడైన నైస్మిత్ అతనిని అక్కున చేర్చుకొని మార్గదర్శి అయ్యారు. మైదానంలో అడుగుపెట్టనీయని ఆ యువకుడే తరువాత శిక్షకుడై, టెన్నెసీ స్టేట్ జట్టుకు 1957 నుండి వరుసగా మూడేళ్ళు జాతీయ విజయాలు సాధించిపెట్టాడు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో తన ఆట చోటు సంపాదించడాన్ని నైస్మిత్ కన్నులారా చూశారు. 1939 నవంబరు 28న కాన్సస్‌లోని లారెన్స్ పట్టణంలో కన్నుమూశారు. తాను సృష్టించిన క్రీడతో ఆయన సంపదను కూడబెట్టుకోలేదు. ఆయన 13 నియమాల మూలప్రతి మాత్రం 2010లో జరిగిన వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా ధర పలికి, ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయానికే చేరింది. ఆయన ఓడిన పోటీల లెక్క 60 దగ్గర ఆగిపోయింది. ఆయన శిష్యుల, ప్రశిష్యుల విజయాలను లెక్కించడం మాత్రం సులభం కాదు.