జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ జీవితము

ఛాయాచిత్రములోని వస్తువు రంగును మార్చుట నేడు మన విద్యార్థులకు వినోదముగా నున్నది. కంప్యూటరు ముందు కూర్చుండి నాలుగు మీటలు నొక్కిన చాలునని వారి తలంపు. అయినను అట్లు మార్చిన చిత్రములలో పెక్కింటిని చూచినంతనే ఇది కల్పన యని కన్ను పట్టివేయును. అది యేల పట్టుబడుచున్నది? పట్టుబడకుండ మార్చుట యెట్లు? ఈ ప్రశ్నలకు ఉత్తరము వెదకుచు పోయినచో మనము కంప్యూటరు పుట్టుకకంటె చాల వెనుకకు, స్కాట్లండు దేశములోని యొక పల్లెటింటికి చేరుదుము. ఆ యింట పెరిగిన బాలుడే జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఆయన చరిత్రమును వ్రాయ బూనుటకు మా తప్పిదమొకటి కారణము. దానిని ముందుగా ఒప్పుకొనుట మా విధి.

కొన్ని సంవత్సరములకు పూర్వము వార్షికోత్సవమునకై రంగస్థలపు తెరను మార్పింప దలచితిమి. ఉన్న తెర యెర్రనిది. క్రొత్తది ఆకుపచ్చనిదైనచో ఎట్లుండునో గుడ్డ కొనకముందే చూడగోరి, తెర ఫోటోను ఇద్దరు విద్యార్థులకిచ్చి రంగు మార్చి తెమ్మంటిమి. మొదటివాడు తెర పొడవునను వెడల్పునను ఒకే ఆకుపచ్చరంగు పూసి తెచ్చెను. మడతలన్నియు మాసిపోయి తెర అట్టముక్కవలె కనబడెను. రెండవవాని చిత్రములో ప్రతి మడతయు, ప్రతి నీడయు చక్కగా నిలిచియుండెను. గాని రంగు ఆకుపచ్చ గాదు, ఎండుటాకు రంగు. మేము వానిని తరగతి యెదుట అజాగ్రత్తపరుడని నిందించితిమి. తోటివారు నవ్విరి. వాడు తల వంచుకొని మారుపలుకలేదు. కొన్ని మాసములకు కంటివైద్యులు పాఠశాలకు వచ్చి పరీక్షింపగా, ఎరుపును ఆకుపచ్చను వేరుపరచు శక్తి ఆ బాలునకు పుట్టుకతోనే కొరవడినదని తెలిసెను. ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న మేము, చూడలేనివానిని చూడలేదని దండించితిమి! ఆ రాత్రి రంగులను గూర్చియు, రంగులు తెలియని కన్నులను గూర్చియు చదువ నారంభింపగా మాక్స్‌వెల్ మాకు ఎదురయ్యెను.

ఆయన 1831వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జాన్ న్యాయశాస్త్రము చదివినవాడైనను యంత్రములయందు ప్రీతిగలవాడు. గ్లెన్‌లేర్ అను స్వగ్రామమందలి యెస్టేటులో బాలుడు పెరిగెను. గంట మ్రోగు తీగ యెటు పోవుచున్నది, తాళము లోపల నేమి జరుగుచున్నది యని యడుగక విడుచువాడు కాడట. ఇది యెర్రరాయి, అది నీలిరాయి యని ఇంటివారు చెప్పినప్పుడు, నీలిదని మీకెట్లు తెలిసెనని మరల ప్రశ్నించెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆ ప్రశ్న ఆయనను ముప్పది యేండ్లు విడువలేదు.

తొలి పాఠములు చెప్పిన తల్లి ఫ్రాన్సెస్ 1839లో ఉదరమందలి క్యాన్సరు వ్యాధిచే మరణించెను. అప్పటికి బాలునకు ఎనిమిదేండ్లు. 1841లో ఎడింబరో అకాడమీ పాఠశాలలో చేర్పబడినప్పుడు, తండ్రి తన యూహ చొప్పున చేయించిన వింత పాదరక్షలను, పల్లెయుచ్చారణను చూచి తోటి బాలురు వెక్కిరించి, మందబుద్ధియను నర్థమిచ్చు ముద్దుపేరు పెట్టిరి. ఆ బాలుడే పదునాలుగేండ్ల ప్రాయమున అండాకారపు వక్రరేఖలను గూర్చి వ్యాసము వ్రాసెను. 1846లో దానిని ఎడింబరో రాయల్ సొసైటీ సభలో ఫోర్బ్స్ ఆచార్యుడు చదివి వినిపించెను. నవ్వులపాలైన బాలుని లోపల నేమున్నదో తరగతి గదికి తెలియదు, ఉపాధ్యాయునకైన తెలియవలెను.

ఎడింబరో విశ్వవిద్యాలయమున ఫోర్బ్స్ ఆచార్యుడు రంగుకాగితపు బిళ్లలను బొంగరముపై త్రిప్పి పరీక్షలు చేయుచుండెను. మాక్స్‌వెల్ ఆ పనిని చేపట్టి, పిదప కేంబ్రిడ్జిలో గణితమున 1854లో ద్వితీయస్థానముతో ఉత్తీర్ణుడై, దానిని పరిపూర్ణము గావించెను. బొంగరము తీరిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలము బిళ్లలకు అంచునుండి నడుమ వరకు ఒక్కొక్క చీలిక పెట్టి, ఒకదానిలో నొకటి దూర్చినచో, ఏ రంగెంత కనబడవలెనో మనయిష్టము వచ్చినట్లు సర్దుకొనవచ్చును. నడుమ చిన్నవియగు తెల్ల, నల్ల బిళ్లలను అమర్చును. అంచు నూరు భాగములుగా గుర్తింపబడియుండును. వేగముగ త్రిప్పినప్పుడు రంగులు కలిసిపోయి ఒక్కటే రంగుగా తోచును. ఇంగిలీకపు ఎరుపు 37, నీలము 27, ఆకుపచ్చ 36 పాళ్లుగ నున్నప్పుడు వెలుపలి వలయము బూడిదరంగై, తెలుపు 28, నలుపు 72 పాళ్లుగల లోపలి వలయముతో సమముగ కనబడునని ఆయన లెక్క కట్టెను. రంగు సమీకరణములో నిమిడెను. తగిన మూడు మూలవర్ణములను ఎన్నుకొన్నచో ఏ రంగునైనను మూడంకెలతో గుర్తింపవచ్చునని తేలెను. మన కన్నులలో మూడు విధములైన గ్రాహకములున్నవని థామస్ యంగ్ అంతకుముందే ఊహించియుండెను. ఆ యూహకు మాక్స్‌వెల్ కొలతల బలమునిచ్చెను.

1855లో ఎడింబరో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున ఆయన వర్ణాంధులను గూర్చియు వ్రాసెను. వారిని ఎగతాళి చేయలేదు, తప్పులు పట్టలేదు. బొంగరము ముందు కూర్చుండబెట్టి వారి కన్నులకు సమముగ తోచు పాళ్లను ఓపికతో అడిగి వ్రాసికొనెను. మనకు మూడంకెలు కావలసినచోట వారికి రెండే చాలుననియు, వారిలో కొందరికి ఎర్రకాగితము, నలుపు చాల, ఆకుపచ్చ నీలములు కొలది కలిసిన రంగుతో సమమనియు తేల్చెను. వారి చూపు లోపము గలదైనను క్రమము లేనిది కాదు. దానికిని సమీకరణము కలదు. ఈ భాగమును చదివినప్పుడు మా విద్యార్థి వంచిన తల మా కన్నులకు కట్టెను.

1856లో మాక్స్‌వెల్ అబర్డీనులోని మారిషల్ కళాశాలలో ఆచార్యుడయ్యెను. 1858లో కేథరిన్ మేరీ డ్యూవర్ అను నామెను పెండ్లాడెను. 1860లో అచ్చటి రెండు కళాశాలలు ఏకమగుటచే ఆయన యుద్యోగము పోయెను; ఆ యేడే లండనులోని కింగ్సు కళాశాలలో కొలువు దొరకెను, రంగుల పరిశోధనకు రాయల్ సొసైటీవారి రంఫర్డు పతకమును లభించెను. లండను యింటిలో సుమారు 8 అడుగుల నల్లని పెట్టెను కిటికీకడ నుంచి, సూర్యకిరణమును పట్టకముతో విభజించి రంగులను కలిపి చూచుచుండెను. శవపేటికలోనికి తొంగిచూచు పిచ్చివాడని పొరుగువారు తలచిరట. భార్యయు ఆ పెట్టెలో చూచి కొలతలు వ్రాయించెను. ఆమె కొలతలకును ఆయన కొలతలకును స్వల్పభేదముండగా, ఆయన రెంటిని ప్రకటించెను. తన కన్నే ప్రమాణమని మొండితనము చూపలేదు.

1861 మే 17వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభలో ఆయన ఒక ప్రదర్శన చేసెను. గళ్ల రిబ్బను ముడిని థామస్ సట్టన్ అను ఛాయాచిత్రకారుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలి ద్రవముల గుండ మూడు మారులు ఫోటో తీసెను. అవి మూడును తెలుపు నలుపు పలకలే. వాని వెనుక దీపములుంచి, ఆయా రంగుల ద్రవముల ద్వారా మూడు బొమ్మలను తెరపై ఒకదానిమీద నొకటి పడునట్లు చేయగా, రిబ్బను తన రంగులతో ప్రత్యక్షమయ్యెను. ఎరుపును ఆకుపచ్చను గ్రహించు శక్తి ఆ పలకలకు చాలలేదని, చాలియున్నచో బొమ్మ యింకను మేలుగ నుండెడిదని ఆయనయే ఒప్పుకొనెను. నూరేండ్ల పిమ్మట, 1961లో, కోడక్ సంస్థ పరిశోధకులు కారణము కనుగొనిరి. ఆ పలకలు ఎర్రని వెలుగును బొత్తిగా పట్టజాలవు. ఎర్రగుడ్డనుండి వచ్చిన, కంటికి కనబడని అతినీలలోహిత కిరణము ఎర్రద్రవము గుండ దూరి, ఎరుపు పలకపై ముద్ర వేసెను. సిద్ధాంతము సత్యము, నాటి ప్రదర్శన మాత్రము కొంతవరకు అదృష్టఫలము.

నేటి కంప్యూటరు తెరయు, సెల్లుఫోను తెరయు ఆ మూడు దీపముల సంతతియే. భూతద్దముతో చూచినచో ఎరుపు, ఆకుపచ్చ, నీలపు చుక్కలే కనబడును. సాధారణముగ ప్రతి బిందువును 0 మొదలు 255 వరకు గల మూడంకెలతో వ్రాయబడును. అందుచే 1,67,77,216 రంగులు సాధ్యములు. రంగులు మూడు తెరగుల భేదించునని మాక్స్‌వెల్ 1855లోనే వివరించెను. నేటి సాఫ్టువేరులలో హ్యూ అనెడి రంగు జాతి, శాచురేషన్ అనెడి గాఢత, లైట్‌నెస్ అనెడి వెలుగు అను మూడు మీటలు ఆ భేదములకు దగ్గరి చుట్టములు.

ఇప్పుడు మొదటి విద్యార్థి తెర యేల అట్టముక్క యయ్యెనో తెలియును. తెర రంగు తెర సొత్తు. మడతల వెలుగునీడలు దానిపై పడిన దీపము సొత్తు. ఒకే రంగు పూసినచో రెండును పోవును. కావున తెరవరకు జాగ్రత్తగ గిరిగీసి, పైన వేరు పొరలో క్రొత్తరంగు నింపి, ఆ పొరను ఫోటోషాపులోగాని గింపులోగాని కలర్ అను కలయిక పద్ధతికి మార్చవలెను. అప్పుడు పైపొరనుండి రంగును, క్రిందిపొరనుండి వెలుగును గ్రహింపబడును. హ్యూ మీటను మాత్రము త్రిప్పినచో చాలదు. ఏలయన, నేటి తెరల ప్రమాణము చొప్పున తెల్లని వెలుగులో కంటికి తోచు ప్రకాశము నూరు పాళ్లయినచో, అందు ఆకుపచ్చ 72, ఎరుపు 21, నీలము 7 పాళ్లు మాత్రమే. మీట అంకె మారకున్నను, ఎరుపు ఆకుపచ్చయైనప్పుడు భగ్గున వెలుగును. నీలమైనప్పుడు చీకటి పడును. తెల్లని వస్తువులో రంగు గాఢతయే లేదు గనుక హ్యూ త్రిప్పినను మారదు. నల్లనిదానిని తెల్లగ చేయవలెనన్న వెలుగును గూడ పెంచవలెను. నిగనిగలాడు కుండపై మెరుపు కుండ రంగుది కాదు, దీపము రంగుది, దానిని ముట్టరాదు. ఎర్రతెర ప్రక్క తెల్లగోడపై పడిన యెర్రని జాడను విడిచిపెట్టినచో, ఆ జాడయే మన కపటమును చాటును.

ఈ సంగతులు గ్రహించిన పిమ్మట మేము రెండవ విద్యార్థిని పిలిచి, అదే తరగతి యెదుట మా తప్పు నొప్పుకొంటిమి. పిదప బిందువు అంకెలను చూపు పరికరమును వానికి చూపితిమి. ఆకుపచ్చ యన్నచో నడిమి యంకె తక్కిన రెంటికంటె పెద్దదిగ నుండవలెను. ఎండుటాకు రంగులో మొదటి యంకె దానిని మించును. కన్ను చెప్పలేనిది అంకె చెప్పును. వాడు మరల కూర్చుండి మూడు గంటలు పనిచేసి తెచ్చిన చిత్రమును చూచియే గుడ్డ కొంటిమి. తెర కట్టిన దినమున ఫోటోను ప్రక్కన బెట్టి చూచితిమి. రెంటికిని భేదము మాకు కనబడలేదు. మడతల నీడలయందు వానికున్నంత శ్రద్ధ తక్కినవారికి లేదని గూడ నాడే తెలిసెను.

మాక్స్‌వెల్ తక్కిన ఘనకార్యములు లోకవిదితములు. శనిగ్రహపు వలయములు లెక్కలేనన్ని వేరువేరు కణములని గణితముచే నిరూపించెను. వెలుగు విద్యుదయస్కాంత తరంగమని 1865లో ప్రకటించిన వ్యాసమున సిద్ధాంతీకరించెను; ఆయన మరణానంతరము హెర్ట్జ్ అట్టి తరంగములను పరీక్షలో చూపెను. 1871లో కేంబ్రిడ్జిలో తొలి కావెండిషు ఆచార్యుడై, 1874లో తెరువబడిన ప్రయోగశాలను నిర్మింపజేసెను. పనివారలకు సాయంకాలపు తరగతులలో ఉచితముగ బోధించెను. తల్లిని బలిగొన్న జాతి వ్యాధియే ఆయనను పట్టగా, 1879 నవంబరు 5వ తేదీన 48వ యేట కేంబ్రిడ్జిలో పరమపదించెను. ఆయన దేహము గ్లెన్‌లేరుకు సమీపమందలి పార్టన్ గ్రామపు చర్చియావరణలో సమాధి చేయబడెను.

విద్యార్థులారా! ఇకమీదట మీరు ఫోటోలో ఒక రంగును మార్చునప్పుడు ముందుగా వెలుగెటునుండి పడుచున్నదో చూడుడు. మీ తోటివాడు రంగు తప్పు చెప్పినచో నవ్వకముందు, వాని కంటికది యెట్లు తోచుచున్నదో అడుగుడు. మాక్స్‌వెల్ అట్లే అడిగెను. మేము ఆలస్యముగ నేర్చుకొంటిమి.