మహావీరాచార్యుడు

భారతీయ గణితశాస్త్ర చరిత్రలో ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు, భాస్కరాచార్యుల సరసన నిలువదగిన మేధావి మహావీరాచార్యుడు. ఈయన క్రీ.శ. 9వ శతాబ్దానికి చెందిన జైన పండితుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని పాలనాకాలంలో జీవించాడు. ఆయన జీవిత విశేషాలు అంతగా లభించవు. సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహం' అనే గ్రంథమే ఆయన కీర్తిని చిరస్థాయిగా నిలిపింది.

ఆ కాలంలో గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాలలో ఒక భాగంగా ఉండేది. మహావీరుడు ఖగోళ విషయాలను విడిచి, కేవలం గణితానికే తన గ్రంథాన్ని అంకితం చేశాడు. వర్తకం మొదలుకొని వాస్తువిద్య వరకు, లౌకిక వ్యవహారాలన్నింటికీ గణితమే ఆధారమని ఆయన విశ్వసించాడు.

ఈ గ్రంథంలోని 'మిశ్రక వ్యవహారం' మిక్కిలి విస్తృతమైనది. వడ్డీ లెక్కలు, భాగస్తుల లాభాల పంపకం, వేర్వేరు వన్నెల బంగారాన్ని కలిపి కరగించే లెక్కలు ఇందులో ఉన్నాయి. నాటి లెక్కలో పదహారు వన్నెలది మేలిమి బంగారం. కలిపిన ఒక్కొక్క బంగారపు తూకాన్ని దాని వన్నెతో గుణించి కూడితే వచ్చే మొత్తం, మిశ్రమపు తూకాన్ని దాని వన్నెతో గుణించగా వచ్చే లబ్ధానికి సమానం. ఇదే ఈ లెక్కలకు మూలసూత్రం.

ఉదాహరణకు, పది వన్నెల బంగారం 6 మాషలు ఉన్నది. దానిని పన్నెండు వన్నెలకు తేవాలంటే మేలిమి బంగారం ఎంత కలపాలి? తెలియని తూకాన్ని 'య' అనుకుంటే, 60 + 16య = 12(6 + య) అవుతుంది. అనగా 4య = 12. కాబట్టి 3 మాషలు కలపాలి. మిశ్రమంలో ఏది ఎంత ఉన్నదో కన్ను పసిగట్టలేదు, లెక్క తేల్చగలదు. ఈ లెక్క నేర్చినవానిని తూకంలోను, వన్నెలోను మోసగించడం సులభం కాదు.

ఋణసంఖ్యకు వర్గమూలం లేదని మహావీరుడు గుర్తించాడు. వాస్తవసంఖ్యల పరిధిలో ఇది నేటికీ సత్యమే. అయితే సున్నతో భాగించినా సంఖ్య మారదన్న ఆయన అభిప్రాయాన్ని నేటి గణితం అంగీకరించదు. ఎంతటి మేధావి మాటనైనా పరీక్షించి గ్రహించడమే శాస్త్రధర్మం.

తెలుగువారికి ఈ గ్రంథంతో ప్రత్యేక బంధం ఉన్నది. పావులూరి మల్లన దీనిని తెలుగు పద్యాలలోకి అనువదించాడు. తెలుగులో తొలి గణితగ్రంథంగా అది ప్రసిద్ధి పొందింది. మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో ఆయన శివపరమైన ప్రస్తావనలను చేర్చాడు. మతాలు వేరైనా గణితం ఒక్కటే అయింది. తరువాత 1912లో ఆచార్య ఎం. రంగాచార్యులు మూలాన్ని ఆంగ్లానువాదంతో మద్రాసులో ప్రకటించారు. పండితుల గ్రంథంలోని విద్య సామాన్యుని భాషలోకి చేరినప్పుడే సార్థకమవుతుందని మల్లన కృషి చాటుతున్నది.