కణం ఇంధనాన్ని పట్టుకున్న భీమవరం డాక్టర్

ఓడలరేవులో మరపడవకు డీజిల్ ఎలాగో, మన శరీర కణానికి ఏటీపీ అలాగ. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి దాన్ని కండరం నుంచి వేరుచేసి చూపినవారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ జబ్బు ఆయన సోదరులిద్దరిని పొట్టనపెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరారు.

ప్రొస్టేట్ క్యాన్సర్ కణంలో ఈ ఇంధనం ఏం చేస్తుందో చూద్దాం. బాంబెసిన్ తరహా న్యూరోపెప్టైడ్‌లు కణం పైనున్న గ్రాహకాలకు అతుక్కోగానే, లోపలి నిల్వల్లోంచి కాల్షియం బయటికొస్తుంది. కణం పెరగడానికి అదో సంకేతం. ఆ కాల్షియాన్ని తిరిగి నిల్వల్లోకి తోడే పంపులు ఏటీపీతోనే నడుస్తాయి. ఇది చదివి పాలు, రాగులు మానేయనక్కర్లేదు. ఇది కణం లోపలి వ్యవహారం.

సుబ్బారావు ఏటీపీతో ఆగలేదు. లెడర్లే సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో డాక్టర్ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం అదుపు చేయగలిగారు. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు.

యాభై దాటిన మగవారికి మూత్రధార సన్నబడినా, మూత్రంలో రక్తం కనిపించినా వయసు మీద నెట్టేయొద్దు. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చూపించుకోండి.