ఆన్నా పవేల్కా: నవలకెక్కిన రైతమ్మ

డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకున్న పేరెంట్స్‌కి విల్లా కేథర్ రాసిన 'మై ఆంటోనియా' నవల గుర్తుండే ఉంటుంది. అందులో కథానాయిక ఆంటోనియా వెనక నిజంగా బతికిన ఒక మనిషి ఉంది. ఆమె పుట్టింటి పేరు ఆన్నా సాడిలెక్. పెళ్లయ్యాక ఆన్నా పవేల్కా.

ఆమె 1869లో బొహీమియాలో పుట్టింది. ఇప్పుడది చెక్ రిపబ్లిక్‌లో భాగం. ఆమెకు పదకొండేళ్లప్పుడు, 1880లో, ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్లి నెబ్రాస్కాలోని రెడ్ క్లౌడ్ అనే చిన్న ఊరి దగ్గర దిగింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసేవాళ్లకు 160 ఎకరాలు దాదాపు ఉచితంగా దొరికే రోజులవి. భూమి మీద ఆశతో యూరప్ నుంచి ఎన్నో కుటుంబాలు కదిలాయి. తీరా వెళ్తే కనిపించింది చెట్టూచేమా లేని గడ్డి మైదానం. కలప లేక చాలామంది గడ్డి వేళ్లతో సహా మట్టిని పెళ్లలుగా కోసి గోడలు కట్టుకునేవారు. లేదంటే గట్టు తవ్వి అందులోనే కాపురం.

ఆ ఏడాది చలి ఆ మైదానాల చరిత్రలోనే అతి కఠినమైన వాటిలో ఒకటి. భాష రాదు, డబ్బు లేదు. ఫిడేలు వాయించుకునే తండ్రికి ఆ కొత్తచోట మనసు నిలవలేదు. వచ్చిన కొన్ని నెలలకే, 1881లో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. పిల్లల్ని, పొలాన్ని తల్లికి వదిలి వెళ్లిపోయాడు.

ఆన్నా పొలం పనిలో పడింది. కొంచెం పెద్దయ్యాక రెడ్ క్లౌడ్‌లో మైనర్ అనే కుటుంబం ఇంట్లో పనికి కుదిరింది. తనకన్నా నాలుగేళ్లు చిన్నదైన విల్లా ఆమెను దగ్గర్నుంచి చూసింది అప్పుడే.

తర్వాత రైల్వేలో పనిచేసే ఒకతన్ని నమ్మి ఊరు దాటి వెళ్లింది. అతను పెళ్లి చేసుకోకుండానే వదిలేశాడు. కడుపుతో పుట్టింటికి తిరిగొచ్చి ఆడపిల్లను కంది. ఆ రోజుల్లో అదెంత తలవంపో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నవలలో ఆంటోనియా ఆ పసిపాప ఫోటోకి బంగారు రంగు ఫ్రేము కట్టించి, ఊళ్లో ఫోటో స్టూడియోలో అందరికీ కనపడేలా పెట్టిస్తుంది. నా మటుకు నాకు ఆ పుస్తకం మొత్తంలో అన్నిటికన్నా ధైర్యమైన పని అదే.

ఆన్నా తర్వాత జాన్ పవేల్కా అనే చెక్ యువకుణ్ణి పెళ్లాడింది. బ్లేడెన్ అనే ఊరి దగ్గర వ్యవసాయం, ఇంటినిండా పిల్లలు. పండ్లు, పచ్చళ్లు దాచుకోవడానికి నేలలో తవ్విన గది ఆ ఇంటి దగ్గర ఇప్పటికీ ఉంది. మన ఇళ్లలో జాడీల్లాగే అక్కడ వరసగా సీసాలుండేవి. నవలలో అయితే ఆమె చిన్నపిల్లలు బడికి వెళ్లేదాకా ఇంట్లో మాట్లాడేది తల్లి భాషే, ఇంగ్లిష్ రాదు. రోజంతా ఇంగ్లిష్‌లో పాఠాలు చెప్పే నేను ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను.

1916లో విల్లా ఆ పొలానికి వెళ్లి చిన్ననాటి స్నేహితురాల్ని చూసింది. రెండేళ్లకు, 1918లో, నవల వచ్చింది. రచయిత్రికి పేరు వచ్చింది, ఆన్నా మాత్రం పొలంలోనే ఉంది. అయినా స్నేహం తెగలేదు. 1930ల్లో కరువు పట్టినప్పుడు విల్లా డబ్బు పంపి ఆదుకుంది.

ఆన్నా 1955లో చనిపోయింది. అంతకు కొద్ది వారాల ముందు, నవల చదివిన ఒక స్కూలు అమ్మాయికి ఆమె తన చేత్తో జవాబు రాసింది. తండ్రి సంగతి, మొదటి చలికాలం సంగతి చెప్పి, పుస్తకంలో ఉన్నది చాలావరకు నిజమేననీ, పేర్లే ఎక్కువగా మార్చారనీ తెలియజేసింది.