కీర్తిశేషులు పందిళ్ళపల్లి శ్రీనివాసుగారు

ఉదరపోషణార్థ ముద్యోగము చేయువారు లోకమున పెక్కురు. ఉద్యోగధర్మముకొరకు ప్రాణముల నొడ్డువారు మిక్కిలి యరుదు. అట్టివారిలో నొకరైన శ్రీ పందిళ్ళపల్లి శ్రీనివాసుగారి జీవితమును ఈ సంచికయందు సంగ్రహముగా వ్రాయుట మాకు గర్వమును, దుఃఖమును గూడ కలిగించుచున్నది.

వీరు 1954 సంవత్సరమున గోదావరీతీరమందలి రాజమహేంద్రవరమున జన్మించిరి. విద్య ముగిసిన పిమ్మట అఖిలభారత పరీక్షయందు కృతార్థులై, 1979లో ఇండియన్ ఫారెస్టు సర్వీసున ప్రవేశించి, కర్ణాటక రాష్ట్రమున నియుక్తులైరి. అడవిశాఖ యుద్యోగమనగా చెట్లను లెక్కించుట, కలపను వేలము వేయుటయే యని తలచువారు మనలో గలరు. అది సరి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ యధికారికి సోదా చేయుటకును, దొంగసొత్తును పట్టుకొనుటకును, నేరస్థుని నిర్బంధించుటకును అధికార మొసగినది.

ఆ కాలమున కావేరీ ప్రాంతారణ్యములందు వీరప్పన్ అను గజదొంగ ఏనుగులను జంపి దంతములను, శ్రీగంధపు చెట్లను నరికి చెక్కను అమ్ముకొనుచుండెను. 1986లో అతడు పట్టుబడియు నిర్బంధమునుండి తప్పించుకొనిపోయెను. 1990లో ప్రత్యేకదళ మేర్పడగా శ్రీనివాసుగారు అందు చేరిరి.

వీరి మార్గము వేరు. దొంగకు దట్టమైన యడవికంటె గ్రామస్థుల బీదతనమును, భయమును పెద్ద కోటలని వీరు గ్రహించిరి. అందుచేత వీరప్పన్ స్వగ్రామమైన గోపీనాథమునందే నివసించి, రోగులకు మందు లిప్పించి, మారియమ్మకు గుడి కట్టించి, జనుల విశ్వాసమును చూరగొనిరి. వీరి మాటను నమ్మి ముఠాలోని పలువురు లొంగిపోయిరి.

తుదకు వీరప్పన్ కూడ లొంగిపోవునని కబురు వచ్చెను. దానిని విశ్వసించి, 1991 నవంబరు 10వ తేదీన శ్రీనివాసుగారు ఆయుధము లేకయే యడవిలోనికి బోయిరి. పొంచియున్న దొంగలు వారిని కాల్చి చంపి, శిరస్సును ఖండించిరి. అప్పటికి వారి వయస్సు 37 సంవత్సరములు. 1992లో భారత ప్రభుత్వమువారు మరణానంతరము కీర్తిచక్ర మొసగి గౌరవించిరి. వీరప్పన్ 2004 అక్టోబరు 18వ తేదీన పోలీసు కాల్పులలో హతుడయ్యెను.

దొంగను నమ్ముట అవివేకమని కొందరందురు. ఒంటరిగా బోవుట పొరపాటే కావచ్చును. మేము దానిని కప్పిపుచ్చము. కాని గ్రామస్థులను నమ్ముట పొరపాటు కాదు. తుపాకి యొక దొంగను కూల్చును. పదిమంది దొంగలు కాకుండ కాపాడునది నమ్మకమే. గోపీనాథపు జనులు వారిని నేటికిని భక్తితో స్మరించుచున్నారు.

మన సీమయందును ఈ పోరాటము కలదు. శేషాచలారణ్యములందు ఎఱ్ఱచందనపు దొంగలచేత 2013 డిసెంబరున ఇర్వురు అటవీయధికారులు హతులైరి. కావున ఈ యుద్యోగము సుకుమారమైనదని మేము చెప్పజాలము. గౌరవనీయమైనదని మాత్రము నొక్కి చెప్పుదుము. శాస్త్రవిషయములందు పట్టము పొందిన మన యువకులును, యువతులును ఈ పరీక్షకు పూనుకొందురుగాక. పుస్తకములకును, వసతికిని ధనము చాలని విద్యార్థులకు మహారాజపోషకులు చేయూత నిత్తురుగాక. శ్రీనివాసుగారికి మనము చేయదగిన నివాళి యిదియే.