పదవికి ముందే మనసును సిద్ధం చేసుకున్న బిషప్ అజరయ్య

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నాయకత్వం అనగానే మనకు కుర్చీ, కాలింగ్ బెల్లు, డవాలా బంట్రోతు గుర్తుకొస్తారు. ముప్పైమూడేళ్ళు గుమాస్తాగా అలాంటి కుర్చీల ముందు ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డవాణ్ణి. కుర్చీ ఎక్కాక పెద్దరికం నేర్చుకుందామనుకున్న వారిని కొందరిని చూశాను. వారికి రిటైరయ్యే దాకా అది పట్టుబడలేదు. అందుకే, కుర్చీకి ఎంతో ముందుగానే మనసును తయారుచేసుకున్న దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని ఎంచుకున్నాను. నేను ఆ మతస్థుణ్ణి కాను. అయినా ఆయన జీవితం అందరికీ పనికివచ్చేదని నా నమ్మకం.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఆ ఊరి గుడిలో పాదిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగి యువకులను కూడగట్టారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు.

1902లో ఆయన జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపడం చూశారు. మన దేశంలోనేమో ఖర్చులకూ, మనుషులకూ విదేశీ మిషన్లే దిక్కు. ఇది ఆయన మనసును కలచివేసింది. మరుసటి ఏడు, 1903లో, తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో స్థాపించిన జాతీయ మిషనరీ సంఘానికీ ఆయన ముఖ్యుల్లో ఒకరు. భారతీయుల ధనం, భారతీయుల మనుషులు, భారతీయుల యాజమాన్యం అన్నదే వాటి పద్ధతి.

ఇక్కడే అసలు పరీక్ష ఎదురైంది. ఇతరులను దూరప్రాంతాలకు వెళ్ళమని చెప్పి, తాను ఉన్నచోటే ఉండిపోవడం న్యాయమా అన్న ప్రశ్న ఆయనను వేధించింది. మనకు బదిలీ ఆర్డరు వస్తే ఎవరి కాళ్ళు పట్టుకుని రద్దు చేయించుకుందామా అని చూస్తాం. ఆయన తనను తానే బదిలీ చేసుకున్నారు. 1909లో దేశవ్యాప్తంగా పేరున్న ఉద్యోగం వదిలి, గురుపట్టం పుచ్చుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మామూలు మిషనరీగా వచ్చారు. అప్పటికి ముప్పైనాలుగేళ్ళు దాటాయి. భాష రాదు. తమిళుడైన ఆయన తెలుగు అక్షరాలు దిద్ది, పల్లెల వెంట తిరిగి, నిరుపేద మాల, మాదిగ కుటుంబాల మధ్య పనిచేశారు. క్రీస్తు సేవకుడిగానే జీవించాడన్న విశ్వాసం ఆయనకు ఆ బలమిచ్చింది. ఆ నమ్మకం ఉన్నవానికి కింది మెట్టు మీద కూర్చోవడం అవమానంగా తోచదు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగించారు. తెల్ల మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారు భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడటం లేదని నిర్భయంగా చెప్పారు. సభలో కొందరికి కష్టం కలిగింది. అయినా ఆయన మాటల్లో ద్వేషం లేదు, అడిగింది స్నేహమే.

రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. నల్లవాని కింద తెల్ల పాదిరులు పనిచేస్తారా అని సందేహించినవారు ఉన్నారు. భారతీయ క్రైస్తవులలోనూ కొందరు ఎదురుచెప్పారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు మాత్రం వెన్నుదన్నుగా నిలిచారు. అజరయ్య గారు సందేహాలకు పనితోనే జవాబిచ్చారు. చిన్నగా మొదలైన ఆ అధ్యక్ష మండలం, 1940ల నాటికి రెండు లక్షలకు పైగా సభ్యులున్న పెద్ద సంఘమైంది. ఉపదేశకులకు చదువు చెప్పేటప్పుడు వారి భార్యలకూ చదువు నేర్పించారు. పేదలైనా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని, ఇవ్వడంలోనే ఆత్మగౌరవం ఉందని బోధించారు.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌లో గుమ్మటాలు, స్తంభాలు మన గుళ్ళనూ మసీదులనూ తలపిస్తాయి. ఈ నేల మీద కట్టే ఆలయం ఈ నేల రూపంలోనే ఉండాలని ఆయన పట్టుదల. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా వాదించారు. మతమార్పిడి విషయంలో 1930లలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. అయినా తన మాట నుంచి తప్పుకోలేదు.

1945 జనవరి 1న, డెబ్బయ్యవ యేట, దోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఎన్నో ఏళ్ళు పాటుపడ్డ సంఘాల ఐక్యతను కళ్ళారా చూడలేదు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.

మిత్రులారా, మనకు ఇప్పుడు సంతకానికి విలువ లేదు, ఇంట్లో, వీధిలో, ఈ సంఘంలో మాత్రం పెద్దలమే. ఎవరైనా ఏదైనా బాధ్యత అప్పగిస్తే, ముందుగా కింది మెట్టు మీద కూర్చుని ఎదుటివారి భాష నేర్చుకోగలమా అని మనల్ని మనమే అడగాలి. మన పిల్లలు, మనవలు కుర్చీలెక్కే ముందు ఈ జీవితం వారికి చెప్పండి. పదవీ విరమణతో పోనిది ఏదో వారికి తెలుస్తుంది.